ఒక చెంచా మట్టి

పోయిన వారం మనం ఆగింది దుర్గ్ దగ్గరి రిసాలిలో, నరసింగరావు ఇంటి వరండాలో. శనివారం సాయంత్రం. ఉక్కు కర్మాగారం లాబొరేటరీలో ముప్ఫై ఏళ్ళు కెమిస్టుగా పనిచేసి రిటైరైన నరసింగరావు, భార్య తమ్ముడు జగ్గయ్య ముందు ఒక కాగితం పడేశాడు. ఉతయి దాటాక ఉన్న ఏడెకరాలను ఐదేళ్ళుగా చేస్తున్నది జగ్గయ్యే. రెండేళ్ళుగా వరి పండడం లేదు. పాత లాబ్ కుర్రాళ్ళ చేత మట్టి పరీక్ష చేయిస్తే ఆమ్లం పెరిగి నేల పులిసిపోయిందని వచ్చింది. నేను కొనిచ్చిన డి.ఎ.పి. భాస్వరం ఎరువు బస్తాలు బయట అమ్ముకుని, చవక అమ్మోనియా ఎరువు గుమ్మరించి నేలను చంపేశావు, ఒప్పుకుని వేలిముద్ర వెయ్యి, సోమవారానికల్లా పొలం వదిలి పో అన్నాడు నరసింగరావు. ఆ కాగితం రాయించి తెచ్చినవాడు ఎరువుల షాపు భుజంగరావు.

జగ్గయ్య ఒక్క మాట అనలేదు. వేలిముద్రా వెయ్యలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

"రేపు భుజంగరావు గారు ఏ కాగితం తెచ్చినా నువ్వు సాక్షి సంతకం పెట్టు. నన్నడగక్కర్లేదు" అని భార్య నూకమ్మకు చెప్పి నరసింగరావు లేచాడు. సరిగ్గా అప్పుడే, దుర్గ్‌లోని మట్టి పరీక్షల ఆఫీసులో పనిచేస్తున్న కూతురు అరుణజ్యోతి ఆ రిపోర్టు చేతిలోకి తీసుకుంది. చదివింది. తలెత్తి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"నాన్నా, ఈ మట్టి ఎక్కడ తీశారు?"

*

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి తండ్రీ కూతుళ్ళు పొలం దగ్గర స్కూటరు దిగారు. ఆమె పట్టుబట్టి లాక్కొచ్చింది. అతను, నీ నోరు ఎలా మూయించాలో నాకు తెలుసు అన్నట్టుగా వచ్చాడు.

నాలుగు రోజులు కురిసిన వాన ముందురోజు సాయంత్రం ఆగింది. చుట్టూ ప్రతి మడిలో నీళ్ళు, ప్రతి మడిలో నాగలి. నెల వయసున్న పచ్చని వరిలో ఎడ్లు దిగి దున్నుతున్నాయి. దీన్ని ఇక్కడి రైతులు బియాసి అంటారు. ఎదజల్లిన వరి నెల మొక్క అయ్యాక, జానెడు నీళ్ళు నిలిచిన రోజు చూసుకుని, తేలిక నాగలితో ఆ మొక్కల మధ్యనుంచే దున్నేస్తారు. కొత్తవాడికి చేను నాశనం చేస్తున్నట్టే కనిపిస్తుంది. కానీ కలుపు చస్తుంది, ఒత్తుగా ఉన్న మొక్క పలచబడుతుంది, అడుగున మట్టి మెదిగి నీళ్ళను పట్టుకుంటుంది. నీళ్ళున్న రోజు తప్పిపోతే ఆ ఏడాదికి బియాసి లేదు. బియాసి లేకపోతే పంటా లేదు.

నరసింగరావు పొలంలో మాత్రం కింది రెండు మళ్ళలోనే నీళ్ళున్నాయి. మిగతా ఐదెకరాలు తడిసి ఉంది, అంతే. ఆ రెండు మళ్ళ గట్టు మీద జగ్గయ్య ఎడ్లకు కాడి కడుతున్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేం?" అన్నాడు నరసింగరావు. "సోమవారానికల్లా అన్నాను."

"సోమారం రేపు గదా బావా. నీలు ఇయ్యాలే ఉన్నాయి." జగ్గయ్య తల తిప్పలేదు. "దున్నీసి ఎల్లిపోతాను."

"పది నిమిషాలు ఆగు మావయ్యా" అంది అరుణజ్యోతి.

"పదంటే పదే అమ్మీ. నీలు నీ కోసం ఆగవు."

ఆమె తండ్రి వైపు తిరిగింది. "ఎక్కడ తీశారో చూపించండి."

నరసింగరావు బండిబాట పక్కన, పొలం మూలకు నడిచాడు. మంచం పట్టేంత జాగా. కాస్త మెరక, అందుకే పొడిగా ఉంది. "ఇదిగో. ఇక్కడ."

"ఇంకా ఎక్కడెక్కడ?"

"ఎక్కడెక్కడేమిటి? ఇక్కడే. ఒక చెంచా."

"ఏడెకరాలకి ఒక్క చెంచా?" ఆమెకు నవ్వు వచ్చింది.

"ఏటి నవ్వుతున్నావు?" కోపం వస్తే అతని నోట విజయనగరం భాష బయటపడుతుంది. "నూట ముప్ఫై టన్నుల ఉక్కు మరుగుతూ ఉంటే అందులోంచి ఒక్క చెంచా తీసేవాళ్ళం. ఆ చెంచాలో కార్బన్ ఎంతుంటే మొత్తం నూట ముప్ఫై టన్నుల్లోనూ అంతే. ముప్ఫై ఏళ్ళు. నా చెంచా తప్పని ఒక్క కొలిమి ఉక్కు కూడా వెనక్కి రాలేదు. నువ్వు పుట్టకముందు నుంచీ శాంపిల్ తీస్తున్నవాడిని, నాకు నేర్పుతావా?"

"ఉక్కు కరుగుతుంది నాన్నా. కరిగి, మరిగి, అంతా ఒకటైపోతుంది. పొలం కరుగుతుందా?"

అతను జవాబు చెప్పేలోగా ఆమె గట్టు వైపు కేక వేసింది. "మావయ్యా, ఎరువు బస్తాలు బండి దిగాక ఎక్కడ పెడతావు?"

"అక్కడే, మీ నాన నించున్న కాడ. బండి లోనకి రాదు గదా."

"అమ్మోనియా బస్తాలు కూడానా?"

"పోయినేడు రెండు బస్తాలు వానకి నాని కారిపోనాయి. అప్పుట్నించీ అక్కడ గడ్డయినా మొలవలేదు. సూడు."

అరుణజ్యోతి చూడలేదు. తండ్రి చూశాడు. అతని బూట్ల చుట్టూ నేల బోడిగా, తెల్లని పొడతో ఉంది. బూట్లకు బురద అంటకుండా నిలబడగలిగిన చోటు ఏడెకరాల్లో అదొక్కటే. అందుకే ఆ రోజు అక్కడ నిలబడ్డాడు. అక్కడే వంగి చెంచాతో గీరాడు. ఆ చెంచా అబద్ధం చెప్పలేదు. మంచమంత నేల గురించి నిజమే చెప్పింది. దాన్ని ఏడెకరాలకూ పులిమింది అతను.

"పది రోజుల క్రితం మావయ్య నా దగ్గరికి వచ్చాడు" అంది అరుణజ్యోతి. "నీళ్ళు నిలవట్లేదు, మొక్క ఎదగట్లేదు, ఒకసారి సూడమ్మీ అన్నాడు. మీతో చెప్పొద్దన్నాడు. నేనొచ్చి ప్రతి మడిలో వంకరటింకరగా నడిచి, పదిహేను చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీశాను. బస్తాలు దించే చోటు వదిలేశాను, గట్లు వదిలేశాను, చెట్టు నీడ వదిలేశాను. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, రెండు పారేసి, మళ్ళీ కలిపి, ఆఖరికి అర కిలో మిగిలితే దాన్ని పరీక్ష పెట్టాను. మీ చెంచాకి పి.హెచ్. నాలుగున్నర. పొలానికి ఆరున్నర. నేల పులవలేదు నాన్నా. నిన్న వరండాలో నలుగురి ముందు మావయ్యని దొంగని చేసిన కాగితం ఉత్తిది. బస్, అంతే."

ఆ కంఠంలో కోపం చూసి జగ్గయ్య కాడి కట్టడం ఆపాడు.

నరసింగరావు తగ్గలేదు. తగ్గడం అతనికి అలవాటు లేదు. "సరే. నేల మంచిదే. మరి రెండేళ్ళు పంట ఏమయింది? గాలి తినేసిందా?"

అరుణజ్యోతి స్కూటరు పక్కన పెట్టిన ఇనప కడ్డీ తీసుకుంది. బొటనవేలి లావు, కొన చెక్కిన కడ్డీ. గట్టు దాటి పక్క రైతు మడిలో దింపింది. ఆరంగుళాలు జారి టక్కున ఆగింది. ఆమె రెండు చేతులతో బలంగా నొక్కినా కదల్లేదు.

"తరతరాలుగా ఎడ్ల నాగలి ఒకే లోతులో నడిచి నడిచి చేసిన గట్టి పొర ఇది. అడుగున పళ్ళెంలాగ ఉంటుంది. నీళ్ళు నిలిచేది దీని మీదే."

కడ్డీ పీకి తమ పొలంలోకి వచ్చి, నీళ్ళు లేని మడిలో గుచ్చింది. కడ్డీ మోచేతి పొడవున దిగిపోయింది. ఎక్కడా ఆగలేదు.

"ఈ పళ్ళెం ఎవరు పగలగొట్టారు?"

ఆ ప్రశ్నకు జవాబు ముగ్గురికీ తెలుసు. రెండేళ్ళ క్రితం, తొంభై నాలుగు మే నెలలో, నరసింగరావు ఎర్ర ట్రాక్టరు మాట్లాడి తెచ్చాడు. వెనక పెద్ద డిస్కుల నాగలి. అడుగు లోతు దుక్కి. జగ్గయ్య ట్రాక్టరుకి అడ్డం నిలబడ్డాడు. పల్లెటూరి మొద్దు అని తిట్టి, డ్రైవరు చేత అతన్ని పక్కకు లాగించాడు నరసింగరావు. ఆ వానాకాలమే, పచ్చని చేలో బియాసి దున్నబోతే, పిచ్చెక్కిందా అని నాగలి విప్పించాడు.

"లోతు దుక్కి మంచిదని పుస్తకాల్లో ఉంది" అన్నాడు నరసింగరావు. గొంతు మునుపటంత గట్టిగా లేదు.

జగ్గయ్య గట్టు దిగి వచ్చాడు. ఐదేళ్ళలో మొదటిసారి బావ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"నీ పుస్తకం నల్లరేగడికి రాసినాది బావా. ఇది మటాసి. పసుపు నేల, తేలిక నేల. దీన్ని లోతుకు దున్నితే కడవకి సిల్లెట్టినట్టే అని ఆ రోజు సెప్పలేదేటి నేను? ఈ ఊరి ముసిలోల్లందరూ సెప్పలేదేటి? నువ్వేటన్నావు? మీకేటి తెల్దు, నేను కెమిస్టుని అన్నావు. ఏడెకరాలూ జల్లెడ సేసీసినావు. యూరియా సల్లితే నీటితోపాటు కిందకి దిగిపోతాది. ఈ రెండు మల్లే రెండేల్లు ఎడ్లతో తొక్కించి తొక్కించి మల్లీ గట్టి సేసినాను. మోకాల్లు పోనాయి ఎడ్లకి, నాకూ. దానికి నువ్వు నాకిచ్చిన పేరేటి? దొంగ."

"మరి నిన్న నోరు మూసుకుని ఎందుకు పోయావు?"

"మా అప్ప ఎదురుగా దాని మొగుడ్ని కడిగీమంటావా? నీకు సిగ్గు లేకపోతే నాకూ ఉండదేటి?"

పక్క మడిలో దున్నుతున్న రైతు ఎడ్లను ఆపి ఇటే చూస్తున్నాడు. నరసింగరావు మొహం ఎర్రబడింది. ఓడిపోతున్న మనిషి చివరి ఆయుధం కోసం వెతుక్కున్నట్టు కూతురి వైపు తిరిగాడు.

"నీ రిపోర్టులో భాస్వరం ఎంత?"

ఆమె కడ్డీకి అంటిన మట్టి దులపసాగింది.

"చెప్పు. పి.హెచ్. చెప్పావు, అది ఎందుకు చెప్పవు?"

"లేదు నాన్నా. ఉండాల్సినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. మూడేళ్ళుగా ఒక్క డి.ఎ.పి. బస్తా కూడా ఈ పొలం మొహం చూడనట్టుంది."

"మూడేళ్ళుగా నేను కొని పంపిస్తున్నాను. ప్రతి బస్తా." నరసింగరావు ఒక్కో మాటా రాయి విసిరినట్టు విసిరాడు. "నేను కొన్నాను. వీడు తీసుకున్నాడు. నేలలో లేదు. ఎక్కడికి పోయింది? చెంచా నాది తప్పు, దుక్కి నాది తప్పు. ఒప్పుకుంటాను. బస్తాలు ఎవడు మింగాడు?"

అరుణజ్యోతి మేనమామ వైపు చూసింది. రిపోర్టు వచ్చిన శుక్రవారం నుంచి ఆమెను తినేస్తున్న ప్రశ్న కూడా అదే. మావయ్య దొంగ అని నమ్మలేదు. కాదని చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

జగ్గయ్య గట్టు పక్కన ఉన్న తన గుడిసెలోకి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో పాత లుంగీ గుడ్డలో కట్టిన ముడులు గుత్తిగా వేలాడుతున్నాయి.

"ఇయ్యేటో తెలుసా బావా? మా అయ్య నేర్పిన పని. సేలో ఏది సల్లినా ఒక పిడికెడు మిగిల్చి ముడేసి దూలానికి కట్టాల. ఇత్తనమైనా, ఎరువైనా. సేను పాడైతే ముడి ఇప్పి సూసుకోవాల, తప్పు మనదో, దినుసుదో." మూడు ముడులు విడదీశాడు. "పావురం బొమ్మ బస్తాలు. నువ్వు పంపినయ్యే. మూడేల్లవి."

అరుణజ్యోతి ఒక ముడి విప్పింది. నల్లని గుండ్రని గింజలు. చూడడానికి అచ్చం డి.ఎ.పి.

"మావయ్యా, నీ ఖైనీ డబ్బా ఇలా ఇవ్వు."

"ఇప్పుడు ఖైనీ ఏటే?"

"సున్నం కావాలి."

ఖైనీ, అంటే సున్నం కలిపి నలిపే పొగాకు, జగ్గయ్య ఇక్కడికి వచ్చాక నేర్చుకున్న అలవాటు. నడుం దగ్గర్నుంచి తగరపు డబ్బా తీసి ఇచ్చాడు. ఆమె అరచేతిలో నాలుగు గింజలు చితక్కొట్టి, వేలెడు సున్నం కలిపి నలిపింది. ఆమె ఆఫీసులో రైతులకు నేర్పే పరీక్ష ఇది. అసలు డి.ఎ.పి. అయితే ముక్కు పట్టుకోలేనంత ఘాటు వాసన రావాలి.

చెయ్యి తండ్రి ముక్కు ముందు పెట్టింది. "చూడండి."

అతను పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. వాసన లేదు. రెండో ముడి, మూడో ముడి. లేదు.

"పాతబడిపోయి ఉంటుంది" అన్నాడు.

"ఇది ఈ నెలదే నాన్నా."

నరసింగరావు ఒక గింజ తీసుకుని గోటితో నల్లని పూత గీకాడు. కింద బూడిద రంగు. బొడిపెలు, సన్నని రంధ్రాలు. తర్వాత జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. ఆ గుత్తికి చిన్న అయస్కాంతం ఉంది. రిటైరైన రోజు లాబ్ కుర్రాళ్ళు నవ్వుతూ ఇచ్చిన బహుమతి. ఏ పొడి కనబడినా ముందు అయస్కాంతం పెట్టి చూడడం అతనికి ఎంత అలవాటో వాళ్ళకు తెలుసు.

నలిగిన గింజల మీద అయస్కాంతం పెట్టాడు. ఎత్తాడు. పొడి దాని కొసలకు గడ్డంలా అంటుకుని పైకి వచ్చింది.

నరసింగరావు ఆ పొడిని వేలితో తాకాడు. ముప్ఫై ఏళ్ళు ఏది ఉక్కు, ఏది ఉక్కు మీద తేలే తెట్టు అని తేల్చడమే అతని ఉద్యోగం. ఆ తెట్టును పొలంలో, ఎరువు పేరుతో, తన చేతి మీద చూస్తాడని ఏ రోజూ అనుకోలేదు.

"స్లాగ్" అన్నాడు మెల్లగా. "స్లాగ్ పిండికి మట్టి కలిపి, గింజ కట్టి, రంగు పూశారు."

"షాపు పెట్టకముందు భుజంగరావు అంకుల్ ఏం చేసేవాడు?"

"రోడ్లకి స్లాగ్ తోలే కాంట్రాక్టు."

"శుక్రవారం ఆ షాపుకెళ్ళాను" అంది అరుణజ్యోతి. "ఒక బస్తా నా ముందు విప్పండి అంకుల్ అన్నాను. విప్పలేదు. నవ్వి, గోడ చూపించాడు. గోడ మీద ఏముందో మీకు తెలుసు."

నరసింగరావుకు తెలుసు. రెండేళ్ళుగా ఆ షాపు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా అతను స్కూటరు వేగం తగ్గిస్తాడు. దేవుడి పటం పక్కన, అద్దాల ఫ్రేములో, హిందీలో టైపు చేయించిన కాగితం. పావురం బొమ్మ డి.ఎ.పి.ని స్వయంగా పరీక్షించాననీ, నాణ్యమైనదనీ, రైతులు నిస్సందేహంగా వాడవచ్చనీ. కింద సంతకం. దాని కింద రిటైర్డ్ సీనియర్ కెమిస్ట్ అనే మూడు ముక్కలు. మరోదా నుంచి ఉతయి అవతలి ఊళ్ళ దాకా, హిందీ చదవగలిగిన ప్రతి రైతూ ఆ ఫ్రేము చూసి బస్తా ఎత్తుకెళ్ళాడు.

"ఎన్ని బస్తాలు చూసి ఆ సంతకం పెట్టారు నాన్నా?"

బండిబాట మీద జీపు హారను మోగింది.

*

భుజంగరావు జీపు దిగి, పంచె కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఆ బోడి నేల మీదకు వచ్చి నిలబడ్డాడు. అతని బూట్లకూ బురద పడదు. చంకలో ఫైలు, చేతిలో వేలిముద్ర వేయించే స్టాంపు ప్యాడు.

"గురువుగారు పొద్దున్నే పొలానికొచ్చీసినారే. ఇంటికెళ్తే నూకమ్మ చెల్లెమ్మ చెప్పింది." అతని చూపు అయస్కాంతం మీద పడింది. అంటుకున్న పొడి మీద పడింది. మొహంలో ఏ మార్పూ లేదు. "ఓహో. లాబొరేటరీ పెట్టీసినారన్నమాట ఇక్కడ."

"ఇది ఏమిటి భుజంగరావు గారూ?" నరసింగరావు అయస్కాంతం చాచాడు.

"మీరు చెప్పాలండి. కెమిస్టు మీరు. నేను బస్తాలు అమ్ముకునేవాడిని."

"మీరు నాకు పరీక్షకి తెచ్చిన బస్తా ఇది కాదు."

"నేను తెచ్చింది బస్తా కాదు కదా గురువుగారూ. చెంచా." భుజంగరావు గొంతు తగ్గించాడు, ఆస్పత్రిలో మాట్లాడినట్టు. "చిన్న పొట్లంలో చెంచాడు తెచ్చాను. మీరు చూసి బ్రహ్మాండం అన్నారు. మిగతా బస్తాలు చూపించమని అడిగారా? నేను వద్దన్నానా? ఇప్పుడు కేసు పడిందనుకోండి, నా షాపుకి వచ్చేవాళ్ళు ముందు ఆ గోడే చూస్తారు. ఎవరి గుమ్మం ఎక్కుతారు? పెన్షను, పరువు, మీ అమ్మాయి ప్రభుత్వ ఉద్యోగం. ఆలోచించండి. ఈయన ఒక్క వేలిముద్ర వేస్తే ఎవరికీ ఏ గొడవా లేదు. ఎరువు మంచిదే, రైతు చల్లలేదు. అక్కడితో సరి."

అరుణజ్యోతి ఒక అడుగు ముందుకు వేసింది. "కిత్నే గావోఁ కే ఖేత్ బర్బాద్ కియే హైఁ ఆప్‌నే? ఎన్ని ఊళ్ళ చేలు పాడుచేశారు అంకుల్? లెక్క ఉందా మీ దగ్గర?"

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నాం బేటీ."

జగ్గయ్య ముందుకు వచ్చాడు. కుడి బొటనవేలి బురదను లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇలాగెట్టు ప్యాడు."

"మావయ్యా—"

"ఊరుకో అమ్మీ. నాకేటి పోతాది? నాను సంతలో ఏ పనైనా సేసుకుంటాను. మీ నాన ఈ వయసులో కోర్టు మెట్లెక్కితే మా అప్ప బతకదు." భుజంగరావు వైపు తిరిగాడు. "ఏసీస్తాను. ఒక్కటే. ఈ రెండు మల్లూ దున్నీసినాక ఏస్తాను."

భుజంగరావు నవ్వాడు. "ఇప్పుడే వెయ్యి జగ్గయ్యా. ఇంక్ ఆరిపోతుంది."

ఆ నవ్వు నరసింగరావు చూశాడు. నిన్న సాయంత్రం తన వరండాలో, తన కుర్చీలో కూర్చుని, తన టీ తాగుతూ ఈ మనిషి ఇలాగే నవ్వాడు. అప్పుడు తనూ నవ్వాడు.

అతను ముందుకు వచ్చి స్టాంపు ప్యాడును భుజంగరావు చేతిలోంచి లాక్కున్నాడు. మూత కూడా పెట్టకుండా నీళ్ళ మడిలోకి విసిరాడు. తర్వాత, బతుకులో మొదటిసారి, బూట్లతోనే బురదలోకి దిగి, కాడి పక్కన నిలబడ్డాడు.

"జగ్గా. నీళ్ళు దిగిపోతున్నాయి. వెళ్ళి దున్ను."

"బావా—"

"దున్నరా ముందు. నీ సోమవారం లేదు, నా సోమవారం లేదు. పొలం నీది. వెళ్ళు."

జగ్గయ్య మేడితోక పట్టుకుని ఎడ్లను అదిలించాడు. నాగలి పచ్చని వరిలోకి దిగింది. నీళ్ళు మసకబారి చాళ్ళు పడ్డాయి. నరసింగరావు ఆ చేను వైపు చూడలేదు. భుజంగరావునే చూస్తున్నాడు.

"నేను రాసిచ్చిన కాగితం తప్పని నేనే రాస్తాను. ఇవాళే. ఏ ఆఫీసులో కావాలంటే ఆ ఆఫీసులో. నా పెన్షను నువ్వు కాపాడక్కర్లేదు. నడు."

భుజంగరావు పంచె దులుపుకున్నాడు. తొందరేమీ లేదు అతనికి.

"మీరు ఇలా అంటారనే అనుకున్నానండి" అన్నాడు. "అమ్మాయి శుక్రవారం షాపుకొచ్చి బస్తా విప్పమన్నప్పుడే అనుకుని కాగితం టైపు చేయించి పెట్టాను."

బండిబాట మలుపులో మోటారు సైకిలు వచ్చి జీపు వెనక ఆగింది. ఖాకీ బట్టల్లో ఉన్న మనిషి దిగి, టోపీ సర్దుకుని, మడిచిన కాగితం తీశాడు.

"జగ్గయ్య కౌన్ హై?" అని అడిగాడు. జవాబు కోసం చూడకుండానే రెండో పేరూ చదివాడు. "ఔర్ అరుణజ్యోతి?"

నరసింగరావు అతని వైపు తిరిగాడు. "మా అమ్మాయి పేరెందుకు?"

అరుణజ్యోతి చెయ్యి చాచి కాగితం తీసుకుంది. హిందీలో టైపు చేసిన ఫిర్యాదు. చదువుతూ, తండ్రికి వినబడేలా, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది.

"దుర్గ్ మట్టి పరీక్షల ఆఫీసు ఉద్యోగి అరుణజ్యోతి, ఆమె మేనమామ జగ్గయ్య కలిసి, భుజంగరావు షాపును అప్రతిష్ఠ పాలు చెయ్యడానికి, అతను అమ్మిన అసలు ఎరువు తీసేసి, దాని స్థానంలో స్లాగ్ పొడి గింజలు చేయించి దాచి ఉంచారు. ఆ నకిలీ ఎరువు వాళ్ళ దగ్గరే ఉంది. తప్పుడు రిపోర్టు కూడా తయారుచేశారు." ఆమె ఆగింది. "కింద సాక్షి సంతకం."

"ఎవరిది?"

ఆమె కాగితం తండ్రి వైపు తిప్పింది. పేజీ నిండా హిందీ అక్షరాలు. అన్నిటికంటే కింద, వంకరగా, జాగ్రత్తగా, ఒకే ఒక్క తెలుగు మాట. పెళ్ళయిన కొత్తలో నరసింగరావు పలక మీద దిద్దించి నేర్పిన మాట.

నూకమ్మ.

హిందీ ఆమెకు చదవడం రాదు. ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టు, నన్నడగక్కర్లేదు అని ఆమెకు చెప్పింది ఎవరో నరసింగరావుకు తెలుసు.

"వో పోట్లీ ఇధర్ దీజియే మేడమ్" అన్నాడు కానిస్టేబుల్, ఆమె చేతిలో వేలాడుతున్న మూడు ముడులు చూపించి, ఇటివ్వమన్నట్టు.

ఐదు నిమిషాల క్రితం జగ్గయ్యను దొంగతనం నింద నుంచి బయటపడేసిన ముడులు అవి. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నంతసేపూ ఆమెనే నేరస్థురాలిని చేస్తాయి. ఇచ్చేస్తే సాయంత్రానికి అవి ఏ నీళ్ళలో కలుస్తాయో భుజంగరావుకు మాత్రమే తెలుస్తుంది.

వెనక మడిలో జగ్గయ్య మూడో చాలు తిప్పుతున్నాడు. నీళ్ళు గట్టు మీద తడి గీత వదిలి ఒక వేలెడు కిందకు దిగాయి.

అరుణజ్యోతి ముడులను చున్నీ కొసకు రెండు పేటలుగా బిగించి కట్టింది. కానిస్టేబుల్ వైపు చూడలేదు. భుజంగరావు వైపూ చూడలేదు. బురదలో మడమల దాకా దిగి నిలబడిన తండ్రి వైపు తిరిగి, ఇందాకటి ప్రశ్నే, ఈసారి అందరికీ అర్థమయ్యేలా హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అడిగింది.

"ఎన్ని బస్తాలు చూసి సంతకం పెట్టారు నాన్నా?"

కానిస్టేబుల్ జేబులోంచి పెన్ను తీశాడు. జవాబు రాసుకోవడానికి.